హనీ గౌరామీలు మొక్కల వెనక నుంచి బయటికి రావట్లేదు, తోడుగా ఏ చేపలు వేయాలి?

చెరువుగట్టు (హన్మకొండ)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు ఉన్న ట్యాంక్ ఉంది. స్పాంజ్ ఫిల్టర్, కింద సన్నటి నల్ల ఇసుక, ఒక మూల వాలిస్నేరియా మొక్కలు, మధ్యలో చెక్కకు కట్టిన జావా ఫెర్న్ మొక్క. సైక్లింగ్ (ఫిల్టర్‌లో మంచి బాక్టీరియా పెరిగేదాకా ఆగడం) పూర్తయ్యాకే చేపల్ని వేశాను. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. ప్రస్తుతం ఇందులో మూడు హనీ గౌరామీలు మాత్రమే ఉన్నాయి.

అవి రోజంతా వాలిస్నేరియా వెనకే ఉంటున్నాయి. ఎవరైనా గదిలోకి అడుగు పెడితే ఫిల్టర్ వెనక్కి దూరిపోతాయి. మేత వేసినా నేను పక్కకి వెళ్లాకే వచ్చి తింటాయి. ఒంటి మీద తెల్ల చుక్కలు లేవు, రెక్కలు ముడుచుకుని లేవు, ఊపిరి కూడా మామూలుగానే ఉంది. రోగంలా అనిపించట్లేదు, భయమే అనుకుంటున్నాను.

షాపులో అడిగితే "హుషారుగా ఉండే చేపలు వేయండి సార్, వాటిని చూసి ఇవీ తిరుగుతాయి" అన్నారు. నాలుగు టైగర్ బార్బ్‌లు, రెండు షార్క్ పిల్లలు, అద్దం శుభ్రం చేయడానికి ఒక సక్కర్ ఫిష్ తీసుకోమన్నారు. మా అమ్మాయి నియాన్ టెట్రాలు కావాలంటోంది. డబ్బు పెట్టేముందు ఇక్కడ అడుగుదామనిపించింది. ఏం వేస్తే ఈ మూడూ ధైర్యంగా తిరుగుతాయి?

జలపుష్పం (విజయవాడ)

కొనకముందే అడిగారు, చాలా సంతోషం అండీ. షాపువాళ్లు చెప్పిన ఉపాయం సరైనదే, చేపలే సరైనవి కావు.

బెరుకు చేప తన చుట్టూ ప్రమాదం ఉందో లేదో పక్క చేపల్ని చూసి తెలుసుకుంటుంది. నీటి మధ్యలో చిన్న చేపల గుంపు నింపాదిగా తిరుగుతుంటే, పైన కొంగ లేదు, దగ్గర్లో పెద్ద చేప లేదు అని దానికి నమ్మకం కుదురుతుంది. ఇలా ధైర్యం ఇచ్చే గుంపు చేపల్ని అక్వేరియం వాళ్లు డిథర్ ఫిష్ అంటారు. మీ ట్యాంకులో ఉన్నవి మూడే, మూడూ బెరుకువే. ఒకటి దాక్కుంటే మిగతా రెండూ దాని వెనకే పోతాయి. కాబట్టి తోడు కావాల్సిందే.

టైగర్ బార్బ్ మాత్రం వద్దు. గౌరామికి పొట్ట దగ్గర దారాల్లా రెండు పొడవాటి రెక్కలుంటాయి. వాటితోనే అది ముందున్నదాన్ని తడిమి చూసుకుంటూ కదులుతుంది. అలా వేలాడేది ఏది కనబడినా టైగర్ బార్బ్ కొరుకుతుంది. పెద్ద గుంపుగా ఉంటే వాటిలో అవే తరుముకుంటాయి, నాలుగే వేస్తే ఆ తరుముడంతా మీ గౌరామీల మీద పడుతుంది. సర్పే టెట్రా కూడా అంతే. రెక్కలు కొరికించుకున్న గౌరామి మూలకి చేరితే మళ్లీ బయటికి తేవడం చాలా కష్టం.

షార్క్ పిల్లలు అన్నారు కదా, బూడిదరంగు వెండి మెరుపుతో, అద్దం పక్కనే పైకీ కిందికీ పరిగెత్తేవి అయితే అవి పంగాసియస్. మన ఆంధ్ర చెరువుల్లో తిండి కోసం టన్నులకొద్దీ పెంచే చేప అదే. మీటరు దాటి పెరుగుతుంది. అవి కాక బాలా షార్క్ అయినా అడుగు పైనే పెరుగుతుంది. రెండూ మీ ట్యాంకుకి పనికిరావు.

సక్కర్ ఫిష్ కూడా అడుగు దాటి పెరిగే దక్షిణ అమెరికా చేప. పెద్దదయ్యాక ఎక్కడ పెట్టాలో తెలియక జనం చెరువుల్లో వదిలేస్తున్నారు. ఇప్పుడది కృష్ణా నదిలోకీ, చేపల చెరువుల్లోకీ చేరింది, దాని ముళ్లకి జాలర్ల వలలు చిరిగిపోతున్నాయి. దయచేసి కొనకండి. ఎవరిదగ్గరైనా ఉంటే ఏ నీళ్లలోనూ వదలకండి. అద్దం మీద నాచుకి మాగ్నెట్ బ్రష్ చాలు.

ఇంకో మాట. ఏ షాపులో అడిగినా "ఇది శాంతమైన చేప" అనే అంటారు. కొట్టకపోయినా సరే, వేగంగా తినే చేప బెరుకు చేపని ఆకలితో మాడ్చేస్తుంది. మేత వేసిన మొదటి నిమిషంలో ఎవరు ఎంత తింటున్నారో చూడండి, తోడు కుదిరిందా లేదా అనేది అక్కడే తెలుస్తుంది.

తుంగ (రాజమహేంద్రవరం)

జలపుష్పం గారు చెప్పినవన్నీ సరే. ముందు అవి నిజంగా హనీ గౌరామీలేనా అన్నది తేల్చుకుందాం. షాపుల్లో ఆ పేరుతో మూడు రకాలు అమ్ముతున్నారు. అసలు హనీ గౌరామి పెద్దదయ్యాక కూడా సుమారు 5 సెంటీమీటర్లు. థిక్ లిప్డ్ గౌరామి అనేదాని బంగారు రంగు రకం చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ 9 దాకా పెరుగుతుంది, మూతి కొంచెం మందంగా ఉంటుంది. ఇవి రెండూ కాక గోల్డ్ గౌరామి పిల్లల్ని కూడా హనీ అని ఇచ్చేస్తుంటారు. అది త్రీ స్పాట్ గౌరామిలో పసుపు రకం, 12 దాటుతుంది, పెద్దయ్యాక గొడవలు పెట్టుకునే స్వభావం. మీవి ఏవో తెలియకుండా తోడు చేపల గురించి మాట్లాడుకోలేం.

సైజు, రంగు, పక్క మీద చార ఉందా లేదా చెప్పండి.

చెరువుగట్టు (హన్మకొండ)

తుంగ గారూ, మూడూ నాలుగు సెంటీమీటర్ల లోపే. రెండింటికి వెండి గోధుమ రంగు ఒళ్లు, కంటి నుంచి తోక దాకా ముదురు గోధుమ చార స్పష్టంగా కనిపిస్తోంది. మూడోది తేనె రంగు, పై రెక్క అంచు పసుపు, గొంతు కింద కొంచెం నల్లబడుతోంది. మూతి మామూలుగానే ఉంది.

సక్కర్, షార్క్, టైగర్ బార్బ్ మూడూ జాబితాలోంచి కొట్టేశాను.

తుంగ (రాజమహేంద్రవరం)

అయితే అసలు హనీ గౌరామీలే, అదీ సహజ రంగులో. ఒక మగది, రెండు ఆడవి. ఈ సైజు ట్యాంకుకి మంచి లెక్క. గొంతు నల్లబడుతోందంటే మగదానికి మీ నీళ్లు పడుతున్నట్టే. ఇంకో మగ గౌరామిని మాత్రం, అది ఏ రకమైనా సరే, వేయకండి. డ్వార్ఫ్ గౌరామి అందంగా ఉందని చాలామంది కలుపుతారు. ఆ మగది జాగా కోసం వీటిని తరుముతుంది. పైగా డ్వార్ఫ్ గౌరామీల్లో మందు లేని ఇరిడోవైరస్ జబ్బు ఒకటి ఉంది.

నదిమూల (కోల్‌కతా)

తెలుగువాణ్ణే, ఉద్యోగరీత్యా ఇక్కడ ఉంటున్నాను. హనీ గౌరామి ఈ ప్రాంతపు చేప కాబట్టి రెండు మాటలు.

ఇది గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకంలోని మడుగుల్లో, కాలవల్లో, గడ్డి నిండిన పల్లపు నీళ్లలో బతికే చేప. లోతు తక్కువ, ప్రవాహం దాదాపు లేదు, ఎటు చూసినా మొక్కలే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లాండ్ వైద్యుడు గంగా నది చేపల మీద రాసిన పుస్తకంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. మగది, ఆడది ఎంత వేరుగా ఉంటాయంటే, ఆయన రెండింటినీ రెండు వేర్వేరు జాతులుగా రాశాడు. చెరువుగట్టు గారు చెప్పిన రంగుల తేడా చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

దీని పుట్టిల్లు ఇలాంటిది కాబట్టి మన గాజు తొట్టె దానికి బట్టబయలు మైదానం. పైనుంచి ఎల్ఈడీ వెలుగు, మూడు వైపుల నుంచి మనుషుల కదలిక. గాలి పీల్చడానికి అది పదేపదే నీటి పైకి రావాలి కూడా. మన కొరమేనుకి లాగానే దీనికీ నేరుగా గాలి పీల్చే అవయవం ఉంటుంది. పైన ఏ అడ్డూ లేకపోతే ఊపిరికి వచ్చిన ప్రతిసారీ దానికి భయమే.

నాచుతోట (హైదరాబాద్)

నదిమూల గారి చివరి మాట దగ్గర మొదలుపెడతాను. చేపలు కొనడం పక్కన పెట్టి ముందు పైకప్పు వేయండి. అంటే నీటి మీద తేలే మొక్కలు. సాల్వీనియా గానీ, మన చెరువుల్లో దొరికే అంతరతామర గానీ. చెరువు నుంచి తెస్తే నేరుగా వేయొద్దు. నత్తల గుడ్లు, జలగలు, తూనీగ పిల్లలు వస్తాయి. వేరే బకెట్‌లో కొన్నాళ్లు పెట్టి, వేళ్లు బాగా కడిగి వేయండి. నీటి పైభాగంలో సగం దాకా నిండితే చాలు, మిగతా సగం ఖాళీగా ఉంచండి. ఫిల్టర్ బుడగలు తేలే మొక్కల్ని తిప్పేస్తుంటే గాలి పైపుకి చిన్న వాల్వ్ పెట్టి తగ్గించండి. గౌరామికి నీటి కదలిక నచ్చదు.

వెనక అద్దానికీ, రెండు పక్క అద్దాలకీ నల్ల కాగితం అంటించండి. ఒక్క ముందు వైపు నుంచే మనుషులు కనిపించాలి. ట్యాంక్ తలుపు పక్కనో, టీవీ పక్కనో ఉంటే జరపండి. లైటు రోజుకి ఆరేడు గంటలు చాలు. గదిలో లైటు వేశాక కాసేపటికి ట్యాంక్ లైటు వేయండి. చీకట్లో ఉన్నట్టుండి వెలిగిస్తే ఉలిక్కిపడి అద్దానికి గుద్దుకుంటాయి.

బాదం ఆకుల సంగతి. ఆన్‌లైన్‌లో విదేశీ పేరు పెట్టి ప్యాకెట్లలో అమ్ముతున్నది మన వీధుల్లో నీడ కోసం పెంచే బాదం చెట్టు ఆకే. చెట్టు మీదే ఎండి రాలిన గోధుమరంగు ఆకులు, మందులు కొట్టని చోటు నుంచి, రోడ్డు దుమ్ము లేనివి ఏరుకుని కడిగి వేయండి. ఒకటి రెండు చాలు. నీళ్లు లేత టీ రంగుకి వస్తాయి, వెలుగు మెత్తబడుతుంది. ఆకు కింద దూరడానికి చోటూ దొరుకుతుంది.

దాక్కునే చోట్లు ఎక్కువైతే అసలు కనిపించవేమో అని చాలామందికి టెన్షన్. జరిగేది దానికి తలకిందులు. రెండడుగుల దూరంలో దాక్కునే చోటు ఉందని తెలిసిన చేపే ధైర్యంగా బయట తిరుగుతుంది.

బ్లూబబుల్ (బెంగళూరు)

అన్నా, నా అనుభవం వేరు. నేను హనీ గౌరామీలతో జీబ్రా డానియోలు పెట్టాను. డానియోలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి గౌరామీలు కూడా అలవాటుపడ్డాయి. గట్టి చేపలు, చవక, ఎక్కడైనా దొరుకుతాయి. కొరకవు కూడా. కొత్తగా పెట్టుకునేవాళ్లకి ఇవే నయం కదా?

జలపుష్పం (విజయవాడ)

మీ ట్యాంక్ ఎంత పొడవు?

బ్లూబబుల్ (బెంగళూరు)

నాలుగడుగులు. మొక్కలు ఎక్కువే.

జలపుష్పం (విజయవాడ)

అక్కడే ఉంది తేడా. నాలుగడుగుల్లో డానియోలు ఒక చివర పరుగులు పెడుతుంటే గౌరామి ఇంకో చివర ప్రశాంతంగా ఉండగలదు. రెండడుగుల్లో ఆ పరుగంతా దాని మొహం ముందే. డానియో నీటి పై పొరలోనే తింటుంది, గౌరామి కూడా అక్కడే తింటుంది. మేత పడగానే డానియోలు క్షణాల్లో ఊడ్చేస్తాయి. గౌరామి ముందు చూస్తుంది, తన దారాలతో తడుముతుంది, ఆ తర్వాత నోరు పెడుతుంది. ఈలోపు అక్కడ ఏమీ మిగలదు.

ఇంకొకటి, డానియోకి చల్లటి నీళ్లు ఇష్టం. మీ బెంగళూరులో సరిపోతుంది. హన్మకొండ ఎండాకాలంలో ఇబ్బంది పడుతుంది. మీ అమరికలో తప్పు లేదు బ్రో, చెరువుగట్టు గారి ట్యాంకుకి మాత్రం కుదరదు.

బ్లూబబుల్ (బెంగళూరు)

మేత విషయం ఒప్పుకుంటాను. నేను రెండు చివర్లా వేస్తాను, అది చెప్పడం మరిచాను. ముందు డానియోలకి ఒక మూల, అవి అటు పోయాక గౌరామీలకి ఇంకో మూల. ఏ తోడు చేప వేసినా ఈ పద్ధతి పనికొస్తుంది.

తుంగ (రాజమహేంద్రవరం)

నా ఓటు హార్లెక్విన్ రాస్బోరాకి. మలయా ద్వీపకల్పం, సుమత్రా వైపు చేప. నాలుగు సెంటీమీటర్ల పైన కొంచెం. రాగి రంగు ఒంటి మీద వెనకభాగంలో నల్ల త్రికోణం. గుంపుగా, ఒకే వేగంతో, నీటి మధ్య పొరలో తిరుగుతాయి. ఉన్నట్టుండి పరుగెత్తవు. అవసరమైనప్పుడు గబగబా తింటాయి కానీ పైకొచ్చి దోచుకోవు. గౌరామీలది పై పొర, వీటిది మధ్య పొర, ఒకదాని దారికి ఒకటి అడ్డు రాదు. వేడి విషయంలోనూ రెండింటికీ 24 నుంచి 27 డిగ్రీల మధ్య చక్కగా కుదురుతుంది.

ఎనిమిది తీసుకోండి. నాలుగైదు వేసి సరిపెట్టుకుంటే అవే బెదురుతాయి, మీ మూడింటికీ తోడుగా ఇంకో నాలుగు దాక్కునే చేపలు వచ్చినట్టవుతుంది. చాలామంది ట్యాంకుల్లో జరిగేది ఇదే. "డిథర్ ఫిష్ వేశాను, పని చేయలేదు" అంటారు, ఎన్ని వేశారంటే మూడు అంటారు.

ఎంబర్ టెట్రా కూడా బాగుంటుంది. బ్రెజిల్‌లోని అరాగ్వాయా నది ప్రాంతం నుంచి వచ్చిన రెండు సెంటీమీటర్ల నిప్పు రంగు చేప. పది వేసినా ట్యాంక్ బరువెక్కదు. హార్లెక్విన్ కంటే ఇది ఇంకా మెత్తన. కానీ దీనికి మెత్తటి నీళ్లు, అంటే ఖనిజాలు తక్కువున్న నీళ్లు కావాలి, అందుకే మీ నీళ్ల సంగతి తెలియకుండా గట్టిగా చెప్పలేను. రెండు రకాలూ కలిపి వేయాలనుకోకండి. ఇంత ట్యాంకులో ఒకే రకం పెద్ద గుంపు, రెండు రకాల చిన్న గుంపుల కంటే ఎంతో మేలు.

కొత్తనీరు (కర్నూలు)

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నా దగ్గర ఒక మగ బెట్టా ఉంది. దానితో హనీ గౌరామి పెట్టొచ్చా? రెండూ పైకొచ్చి గాలి పీల్చే చేపలే కదా, ఒకే కుటుంబం అంటారు.

తుంగ (రాజమహేంద్రవరం)

వద్దమ్మా. దగ్గరి చుట్టరికమే ఇక్కడ సమస్య. రెండూ పై పొరలోనే ఉంటాయి, రెండింటి మగవీ బుడగల గూడు కట్టి ఆ చోటు తమదే అంటాయి. బెట్టా దాన్ని పోటీదారు అనుకుని దాడి చేస్తుంది, హనీ గౌరామి తిరగబడదు. నీ బెట్టాని ఒంటరిగానే ఉంచు, అదేమీ దిగులు పడదు.

చెరువుగట్టు (హన్మకొండ)

చాలా మంచి సమాచారం. నీళ్ల వివరాలు చూశాను. మా బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 640. మున్సిపల్ నల్లా నీళ్లు 280, పీహెచ్ 7.4. ఇప్పటిదాకా ట్యాంకులో వాడింది నల్లా నీళ్లే, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి. ఇంట్లో ఆర్వో ఉంది. ఆర్వో నీళ్లు పోస్తే ఎంబర్ టెట్రాలకి కుదురుతుందా? నియాన్ల గురించి కూడా చెప్పండి, ఇంట్లో ఒకటే గోల.

నాచుతోట (హైదరాబాద్)

280, 7.4 అంటే బాగానే ఉంది. హనీ గౌరామికీ హార్లెక్విన్‌కీ ఏ ఇబ్బందీ లేదు. ఇవి మన దగ్గరికి వచ్చేసరికే ఫారాల్లో, ఇలాంటి నీళ్లలోనే పెరిగి ఉంటాయి. ఉత్త ఆర్వో నీళ్లు మాత్రం పోయకండి. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు. ఎంబర్‌లే కావాలంటే సగం నల్లా, సగం ఆర్వో కలపొచ్చు. కానీ ప్రతి వారం నీళ్లు మార్చేటప్పుడు అదే పాళ్లలో కలపాలి. ఊరెళ్లినప్పుడు ఇంట్లోవాళ్లు ఆ లెక్క తప్పితే చేపలకి దెబ్బ. అందుకే నల్లా నీళ్లలో హాయిగా బతికే చేపనే ఎంచుకోండి అంటాను. బోరు నీళ్ల జోలికి వెళ్లకండి, నల్లా రాని రోజున కూడా. ఒక డ్రమ్ము నల్లా నీళ్లు ఎప్పుడూ పట్టి ఉంచుకుంటే మంచిది.

తుంగ (రాజమహేంద్రవరం)

నియాన్ల గురించి. స్వభావంలో ఏ లోపమూ లేదు, గౌరామీలతో చక్కగా కలుస్తాయి. సమస్య వేడి. నియాన్‌కి 26 దాటితే మెల్లగా నీరసం మొదలవుతుంది. మే నెలలో మీ గదిలో నీళ్లు 30 దాటుతాయి. అమ్మాయికి ఆ నీలం, ఎరుపు రంగులే కావాలంటే కార్డినల్ టెట్రా చూపించండి. ఎరుపు పొట్ట పొడుగునా ఉంటుంది, ఇంకా అందంగా ఉంటుంది, వేడిని నియాన్ కంటే బాగా ఓర్చుకుంటుంది. కానీ ఖరీదు ఎక్కువ, కొత్త ట్యాంకులో నిలదొక్కుకోవడం కష్టం. ట్యాంకు ఇంకా బాగా పాతబడ్డాక చూద్దురుగాని.

గప్పీలు అడుగుతారేమో, అవి పోట్లాడవు. కాకపోతే పిల్లలు పెడుతూనే ఉంటాయి, మగవి గౌరామి ఆడవాటిని కూడా వదలకుండా వెంటపడతాయి. ప్రశాంతత కోసం చూస్తున్న ట్యాంకులో ఆ సందడి అనవసరం.

పడవ (న్యూజెర్సీ)

ఇక్కడ చలి కాబట్టి మా ఇంట్లో హీటర్ ఏడాదంతా నడుస్తుంది, ఎండ సమస్య నాకు లేదు. కానీ ఒక విషయం ఏ దేశంలోనైనా ఒకటే. కొత్త చేపల్ని నేరుగా గౌరామీల ట్యాంకులో వేయకండి. విడిగా చిన్న టబ్‌లో స్పాంజ్ ఫిల్టర్ పెట్టి రెండు మూడు వారాలు ఉంచండి. వైట్ స్పాట్ (తెల్ల చుక్కల జబ్బు) వస్తే అక్కడే బయటపడుతుంది. ఇప్పటికే బెదిరి ఉన్న చేపకి జబ్బు త్వరగా అంటుతుంది, మందు వేసినా తట్టుకోవడం కష్టం. మీ పాత ట్యాంక్ ఫిల్టర్‌లోనే ఇంకో స్పాంజ్ ఇప్పటినుంచే పెట్టి ఉంచితే, అందులో బాక్టీరియా పెరిగి టబ్‌కి సిద్ధంగా ఉంటుంది.

గుంపునంతా ఒకేసారి కొనండి, ఒకే షాపు, ఒకే తొట్టె నుంచి. క్వారంటైన్ అయ్యాక వదిలేది కూడా ఒకేసారి, సాయంత్రం లైటు ఆర్పేశాక.

చెరువుగట్టు (హన్మకొండ)

అందరికీ ధన్యవాదాలు. ఇలా చేయబోతున్నాను. ముందు సాల్వీనియా, బాదం ఆకులు, మూడు వైపులా నల్ల కాగితం. ఆ తర్వాత ఎనిమిది హార్లెక్విన్‌లు, టబ్‌లో ఉంచాకే. జరిగింది ఇక్కడే రాస్తాను.

నాచుతోట (హైదరాబాద్)

షాపులో హార్లెక్విన్‌లు ఎంచుకునేటప్పుడు ముందు మేత వేయమని అడగండి. పరిగెత్తుకొచ్చి తినేవే కొనండి. తొట్టె అడుగున చచ్చిన చేప ఒక్కటి కనబడినా ఆ రోజు వెనక్కి వచ్చేయండి.

చెరువుగట్టు (హన్మకొండ)

కొంచెం ఆలస్యంగా రాస్తున్నాను. సాల్వీనియా సగం దాకా పరుచుకుంది. హార్లెక్విన్‌లు వేయకముందే, ఆ మొక్కలు కమ్ముకున్నాకే తేడా కనిపించింది. తేనె రంగు మగది పగలే ఆ నీడలో నిలబడటం మొదలుపెట్టింది. ఆడవి రెండూ మాత్రం అప్పటికీ వెనకే ఉన్నాయి.

క్వారంటైన్‌లో హార్లెక్విన్‌లకి ఏ జబ్బూ కనబడలేదు. రాత్రి లైటు ఆర్పాక వదిలాను. మొదట్లో అవీ ఒక మూల ముద్దగా ఉన్నాయి. తర్వాత ముందు అద్దం దగ్గర నెమ్మదిగా తిరగడం మొదలైంది. వాటి వెనకే ఆడ గౌరామీలు వచ్చాయి. ఇప్పుడు నేను గదిలో కూర్చుని ఉన్నా మూడూ బయటే ఉంటున్నాయి. మా అమ్మాయి చెయ్యి ఊపితే ఇంకా లోపలికి పోతున్నాయి, కానీ వెంటనే వచ్చేస్తున్నాయి. బ్లూబబుల్ గారు చెప్పినట్టు మేత రెండు చివర్లా వేస్తున్నాను, గౌరామీల వైపు బాగా నలిపిన మేత.

రెండు సందేహాలు. మగది సాల్వీనియా కింద బుడగలు కడుతోంది, దగ్గరికొచ్చిన ఆడదాన్ని అప్పుడప్పుడు తరుముతోంది. ఇది మామూలేనా? రెండోది, కింద ఇసుక ఖాళీగా ఉంది. అడుగున తిరిగే కోరిడోరాస్ చేపలు వేయొచ్చా?

జలపుష్పం (విజయవాడ)

చాలా సంతోషంగా ఉంది అండీ. బుడగల గూడు కట్టిందంటే ఆ చోటు తనదని మగది నమ్మింది. తరుముడు సహజమే. ఆడది తప్పించుకుని ఆకుల మధ్యకి పోయి, కాసేపటికి మళ్లీ మామూలుగా తింటుంటే కంగారు అక్కర్లేదు. తిండి మానేసి ఒకే మూల ఉండిపోయినా, రెక్కలు చిరిగినా మగదాన్ని కొన్నాళ్లు టబ్‌లోకి మార్చండి. రెండో ఆడది ఉండటం ఇక్కడే ఉపయోగం, తరుముడు ఒకదాని మీదే పడదు. గుడ్లు పెట్టినా ఈ ట్యాంకులో పిల్లలు మిగలవు, హార్లెక్విన్‌లు తినేస్తాయి. పిల్లలు కావాలంటే అది వేరే ట్యాంకు పని.

తుంగ (రాజమహేంద్రవరం)

కోరిడోరాస్‌లో పిగ్మీ రకం అయితే బాగుంటుంది, రెండున్నర సెంటీమీటర్లే, ఆరు దాకా వేయొచ్చు. మీది సన్నటి ఇసుక కాబట్టి వాటి మీసాలు అరగవు. మునిగిపోయే చిన్న పెల్లెట్లు విడిగా వేయాలి. పైనుంచి రాలిన మేత తిని బతుకుతాయని షాపుల్లో చెబుతారు, అది చాలదు. వారానికి పావు వంతు నీళ్లు మార్చడం మానకూడదు, అప్పుడు ఈ ట్యాంకు మూడు రకాలనీ మోస్తుంది. ఇంతకి మించి ఏమీ వేయకండి. కుహ్లీ లోచ్ కూడా మంచి చేపే, కానీ రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి.

నాచుతోట (హైదరాబాద్)

కోరిడోరాస్ వేయండి, కానీ ఇప్పుడు కాదు. ఎండలు ముదురుతున్నాయి. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. గౌరామి పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, అడుగున ఉండే చిన్న చేపలకి ఆ తట్టుకునే శక్తి తక్కువ. కరెంటు పోయి ఫిల్టర్ ఆగితే ముందు నష్టపోయేవి హార్లెక్విన్‌లే. ఈ ఎండాకాలానికి బ్యాటరీ మీద నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని ఉంచండి. అద్దం మూత తీసి దోమతెర లాంటి జాలీ పరిచి, నీటి మీదుగా చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు నీళ్లు పోస్తూ ఉండాలి. జాలీ తప్పనిసరి, హార్లెక్విన్‌లు గెంతుతాయి.

వర్షాలు మొదలై, నీళ్లు 27 దగ్గర నిలబడ్డాక పిగ్మీలు తెచ్చి టబ్‌లో పెట్టండి. ఈలోపు ఉన్న స్పాంజ్‌ని ట్యాంకులోనే నడవనివ్వండి, మళ్లీ పనికొస్తుంది.

చెరువుగట్టు (హన్మకొండ)

సరే అండీ, జూన్ దాటాకే. ఫ్యాన్, ఎయిర్ పంపు ఈ వారమే తెస్తాను.